పన్నెండో నంబరు వత్తి

హన్నా చేసిన కొవ్వొత్తి ఒక్కొక్కరి చేతులూ మారి తన బల్ల దగ్గరికి వచ్చేసరికి కృష్ణప్రియ దాన్ని వెంటనే అందుకోలేదు. పొట్టి గాజు గ్లాసు, అందులో మీగడ రంగు మైనం, నడుమ ఒక్క వత్తి. మూత తీసి వాసన చూసినవాళ్లంతా ఇంచుమించు ఒకే మాట అంటున్నారు.

"అబ్బ! ఎండిన నేల మీద వాన పడ్డట్టే ఉంది!"

హన్నా దానికి 'తొలకరి' అని పేరు పెట్టింది.

కృష్ణప్రియ గ్లాసును ముక్కుకు దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. మంచినీళ్ల గ్లాసు వాసన చూసినట్టుంది. కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చి, "చాలా బాగుంది హన్నా" అంది.

ఆమె ముక్కు పనిచేయదని ఆఫీసులో ఎవరికీ తెలియదు. కరోనా రెండో విడతలో పోయిన వాసన మళ్లీ సరిగా రాలేదు. కొన్నాళ్లు కాఫీ కాలిన రబ్బరులా తోచింది. తరవాత అదీ పోయింది. డాక్టరు రోజూ రెండు పూటలా నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి నూనెలు వాసన చూడమన్నాడు. ఆరు నెలలు చూసింది. ముక్కు బాగుపడలేదు కానీ, ఆ చిన్న చిన్న సీసాలు ముందేసుకుని కూర్చున్న రోజుల్లోనే కొవ్వొత్తులు చేయాలన్న పిచ్చి పట్టుకుంది. చూపు తగ్గిందంటే నలుగురూ అయ్యో అంటారు. వాసన తెలియదంటే నవ్వుతారు. అందుకే భర్త దినేశ్‌కీ, అత్త రుక్కమ్మకీ తప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

హైటెక్ సిటీలోని ఆ కంపెనీలో కృష్ణప్రియది టెస్టింగ్ ఉద్యోగం. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం పని. బాచుపల్లిలోని తన వంటగదిలోనూ ఆమె అదే చేసేది. ఒకే మైనం, ఒకే గ్లాసు తీసుకుని, వత్తి ఒక్కటే మార్చి ఆరు కొవ్వొత్తులు పోసేది. మైనానికి నూనె బాగా పట్టాలని రెండు వారాలు వాటిని ముట్టుకునేది కాదు. ఆ తరవాత ఒక్కోదాన్నీ నాలుగు గంటలపాటు వెలిగించి, గంటకోసారి చూసి నోటుపుస్తకంలో రాసేది. వత్తి సన్నమైతే నడుమ గుంత పడి అంచున మైనం కరగకుండా మిగులుతుంది. లావైతే మంట ఎగిసి పొగ చిమ్ముతుంది, గ్లాసు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. పైగా సెంటు నూనె మార్చినప్పుడల్లా వత్తి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. గులాబీకి నప్పిన వత్తి లవంగానికి నప్పదు. ఇవన్నీ ఆమెకు కళ్లతో తెలిసేవే. వాసన సంగతి మాత్రం రుక్కమ్మను అడగాలి.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"మల్లెపూలంటివి గద బిడ్డా? గిది బట్టల సబ్బు లెక్కున్నది."

అప్పుడామె నూనె పాళ్లు మార్చి మళ్లీ పోసేది. రుక్కమ్మ మళ్లీ సబ్బనేది.

హన్నా అదే టీములో స్క్రీన్లు గీసే డిజైనర్. నరసాపురం మనిషి. భర్త ఆరోన్, తండ్రి జ్ఞానప్రకాశంతో కూకట్‌పల్లిలో ఉంటుంది. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కృష్ణప్రియ నోటుపుస్తకం చూసి, "నాకూ నేర్పవే" అంది. కృష్ణప్రియ సంతోషంగా నేర్పింది. మిగిలిపోయిన మైనం, ఒక కట్ట వత్తులు ఇచ్చింది. కొన్నాళ్లు "హన్నా నా శిష్యురాలు" అని నలుగురికీ చెప్పుకుంది కూడా.

ఏడాది తిరిగేసరికి ఆ మాట అనడం మానేసింది. హన్నా ఏదీ కొలిచేది కాదు. వట్టివేరు నూనె నాలుగు చుక్కలు వేసి, వాసన చూసి, ఇంకేదో రెండు చుక్కలు వేసి, కళ్లు మూసుకుని "ఊఁ, ఇప్పుడు మా పెరడు గుర్తొస్తోంది" అనేది. అంతే. ఆ కొవ్వొత్తి కోసం జనం ఎగబడేవాళ్లు. తను నోటుపుస్తకాలు నింపుతోంది, హన్నా ముక్కుతో గెలుస్తోంది. మనిషి తనకన్నా తెలివైనదైతే కృష్ణప్రియ ఓర్చుకునేదేమో. తన దగ్గరినుంచి పోయింది ఏదో, సరిగ్గా అదే అవతలి మనిషి దగ్గర పుష్కలంగా ఉండడం ఆమెకు మింగుడుపడలేదు.

దీపావళికి ఉద్యోగులందరికీ చేతితో చేసిన కొవ్వొత్తి కానుకగా ఇవ్వాలని ఆ ఏడు కంపెనీ అనుకుంది. నాలుగు వందలు కావాలి. అడ్మిన్ చూసే నరసింహమూర్తి ఇద్దరినీ సాంపిళ్లు అడిగాడు. కృష్ణప్రియ మల్లె కొవ్వొత్తితోపాటు రెండు పేజీల టెస్ట్ రిపోర్టు ఇచ్చింది. హన్నా ఒక్క తొలకరి గ్లాసు ఇచ్చింది.

రెండు రోజుల తరవాత నరసింహమూర్తి వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు. "మీదీ చాలా నీట్‌గా ఉందండీ. కాకపోతే అందరూ హన్నాగారిదే అన్నారు. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అనుకోవడానికేముందండీ" అని నవ్వి, ఆమె బాత్రూములోకి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కుంది.

ఆ సంతోషంలో హన్నా టీములో అందరికీ తలా ఒక తొలకరి ఇచ్చింది. కృష్ణప్రియ తనకిచ్చినదాన్ని ఇంటికి తెచ్చి, వంటగది గట్టు మీద పెట్టి, నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచింది. ఎంత మంచి ప్రోగ్రాములోనైనా ఒక తప్పు దొరకకుండా పోదని ఆమెకు ఉద్యోగం నేర్పింది. ఇందులోనూ దొరకాలి. దొరికేదాకా వదలకూడదు.

రోజుకు నాలుగు గంటలు వెలిగించింది. మొదటి రోజు తప్పేమీ లేదు. మైనం అంచుదాకా సమంగా కరిగింది. రెండో రోజూ అంతే. పైగా ఏనాడూ తన కొవ్వొత్తి దగ్గర నిమిషం కూర్చోని రుక్కమ్మ, పీట తెచ్చుకుని మరీ వంటగదిలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

"ఇల్లంత వానపడ్డట్టున్నది బిడ్డా. ఎవలు చేసిన్రు?"

"ఎవరో ఒకరు చేసిన్రులే అత్తమ్మా" అంది కృష్ణప్రియ విసురుగా.

మూడో రోజు వత్తి చివర నల్లటి బుడిపె కట్టింది. నాలుగో రోజు మంట కొంచెం పొడుగైంది. శనివారం ఐదో విడత వెలిగించేసరికి గ్లాసులో వేలెడు మైనమే మిగిలింది. కృష్ణప్రియ ఫోను నిలబెట్టి వీడియో పెట్టింది. పదకొండు దాటాక మంట ఊగడం మొదలైంది. నల్లటి పొగ సన్నటి దారంలా లేచింది. అడుగున ఉన్నదంతా నూనెలా కరిగిపోయి, మంట గాజుకు ఆనుకుని మండుతోంది. ఆమె చెయ్యి చాచబోతుండగానే ఠప్పుమని గ్లాసు పగిలింది. కరిగిన మైనం గట్టు మీద పారింది, దాని మీద మంట ఒక్క క్షణం నీలంగా పరిగెత్తింది.

"అయ్యయ్యో! పైలం బిడ్డా!" రుక్కమ్మ పీట మీంచి లేచింది.

కృష్ణప్రియ పక్కనే ఉన్న మూకుడు బోర్లించి మంట ఆర్పేసింది. ఆ క్షణంలో ఆమెకు ముందు కలిగింది భయం కాదు, సంతోషం. దొరికింది! అందరూ అబ్బ అన్న కొవ్వొత్తిలో తప్పు దొరికింది!

గాజు ముక్కలు ఏరుతూ వత్తి అడుగున ఉన్న రేకు బిళ్లను తీసి చూసింది. దాని మీద చిన్నగా వత్తి లావు చెప్పే అంకె ఉంది. పన్నెండు.

ఆ అంకె ఎక్కడో చూసినట్టనిపించి పాత నోటుపుస్తకాలు తీసింది. రెండేళ్ల కిందటి పేజీలో తన రాతే కనిపించింది. 'పన్నెండు. పైన బాగుంది. అడుగుకొచ్చాక మంట పెద్దది, గ్లాసు కాలుతోంది. ఈ గ్లాసుకి వద్దు.' అప్పుడు మిగిలిపోయిన ఆ కట్టనే తను హన్నాకు ఇచ్చింది. పారేసే బదులు చేతికి అలవాటవుతుందిలే అనుకుంది. వద్దని తేల్చిన వత్తులని మాత్రం చెప్పలేదు. గురువిచ్చిన నంబరు కదాని హన్నా ఈ రెండేళ్లూ అదే తెప్పించుకుంటోంది.

కృష్ణప్రియ ఆ పేజీని చాలాసేపు చూసి పుస్తకం మూసేసింది.

సాయంత్రం రుక్కమ్మ అడిగింది. "గది చేసినోళ్లకు చెప్పినవా?"

"సోమవారం చెప్త అత్తమ్మా. ఫోన్ల చెప్తె సమజ్ గాదు."

ఆదివారం హన్నా ఫోటో పంపింది. వాళ్ల హాలు నేల నిండా వరసలు వరసలుగా నింపిన గ్లాసులు. 'సగం అయిపోయాయే ప్రియా! నడుం పడిపోయింది' అని రాసింది. కృష్ణప్రియ దానికి ఎర్రటి గుండె బొమ్మ పెట్టింది.

సోమవారం చెప్పలేదు. మీటింగులున్నాయని తనకు తాను చెప్పుకుంది. మంగళవారం ఇద్దరూ పక్కపక్కనే టీ తాగారు, అప్పుడూ చెప్పలేదు. టెస్ట్ చేయకుండా నాలుగు వందల మందికి ఇవ్వబోవడం ఎవరి తప్పు? అడుగుదాకా కాల్చి చూడాలని ఆమెకు తెలియదా? పంచాక ఎవరింట్లోనో ఒక గ్లాసు పగిలితే, పెద్ద ప్రమాదమేమీ కాదు, ఒక్క గ్లాసు పగిలితే చాలు. అప్పుడు అందరికీ ఆ రెండు పేజీల రిపోర్టు గుర్తొస్తుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె ఛీ అనుకునేది. అనుకుంటూనే ఇంకొంచెం ముందుకు ఊహించుకునేది. నరసింహమూర్తి తన బల్ల దగ్గరికి వచ్చి ఏమంటాడో కూడా ఊహించుకుంది.

"చెప్పినవా?" మంగళవారం రాత్రి వడ్డిస్తూ రుక్కమ్మ మళ్లీ అడిగింది.

"చెప్త అన్న గద అత్తమ్మా. జర ఊకో."

రుక్కమ్మ కోడలి వంక ఒకసారి చూసి పెరుగు గిన్నె ముందుకు జరిపింది.

బుధవారం కేంటీన్‌లో హన్నా డబ్బా విప్పి రొయ్యల వేపుడు కృష్ణప్రియ పళ్లెంలో వేస్తూ కబుర్లు చెబుతోంది. ఆరోన్ కంపెనీ పని మీద బెంగళూరు వెళ్లాడట. ఇంట్లో నాన్న ఒక్కడే ఉన్నాడట.

"ఆయనకి బాగా అలవాటైపోయిందే ఈ తొలకరి. పొద్దున్న పదింటికి వెలిగించి, భోజనం దాకా బైబిలు చదువుకుంటారు. అడుక్కొచ్చేసింది, కొత్తది తీసుకోండి నాన్నా అంటే, ఇంకా వేలెడుంది కదమ్మా, పారేస్తావా అంటారు. పాతకాలం మనిషి."

కృష్ణప్రియ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏ గదిలో?"

"పడగ్గదిలోనే. కిటికీ పక్కన బల్ల మీద. ఏం?"

కిటికీ అంటే తెర ఉంటుంది. బల్ల అంటే చెక్క. ఇంత తెలిసీ కృష్ణప్రియ ఆ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. ఆ ముద్ద నమిలిన కాసేపటిని ఆమె తరవాత ఎప్పటికీ మరిచిపోలేదు. ముద్ద మింగాక అంది.

"హన్నా, మీ నాన్నగారికి ఫోన్ చెయ్యి. అది ఆర్పెయ్యమను. ఇప్పుడే."

"ఏమైందే?"

"అడుగుకొస్తే గ్లాసు పగులుతుంది. నేను చూశాను. చెయ్యి ముందు!"

ఫోను మోగింది, ఎవరూ తీయలేదు. మళ్లీ చేసింది. మూడోసారికి హన్నా ముఖం తెల్లబోయింది. డబ్బాలు అక్కడే వదిలేసి ఇద్దరూ కిందికి పరిగెత్తారు. చెరో బైక్ టాక్సీ ఎక్కారు. రైల్వే వంతెన కింద ట్రాఫిక్ ఆగిపోయి ఉంది. ముందు బండి మీద హన్నా ఫోను చెవికి ఆనించుకునే ఉంది. వెనక బండి మీద కృష్ణప్రియ, ఒకటే లెక్క వేసుకుంటోంది. శనివారం, ఆదివారం, సోమవారం, మంగళవారం.

వాళ్లు వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. పక్కింటి నాగమణి జ్ఞానప్రకాశాన్ని వంటింటి కుళాయి దగ్గర నిలబెట్టి చేతి మీద నీళ్లు వదులుతోంది. ముంజేతినుంచి వేళ్లదాకా ఎర్రగా కందిపోయి, రెండు చోట్ల తోలు ఊడింది. బల్ల మీద గుడ్డ కాలిపోయింది. తెర అంచు నల్లబడింది.

"పన్నెండున్నరకేమోనమ్మా, ఠప్పుమంది" అన్నాడాయన, తనే తప్పు చేసినవాడిలా. "మంట లేచిందని చెంబుడు నీళ్లు పోశాను. నీళ్లు పోయకూడదని నాకేం తెలుసు. భగ్గున చేతి మీదికి చిందింది. ఫోను ఆ గదిలో ఉండిపోయింది."

పన్నెండున్నర. అంటే ఒంటిగంటకు కేంటీన్‌లో తను నోరు విప్పేటప్పటికే ఆయన చెయ్యి కాలింది. పొద్దున ఆఫీసు బస్సు దిగగానే చెప్పి ఉంటే కాలేది కాదు.

దగ్గర్లోని దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరు కట్టు కడుతుండగా ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. హన్నా అడిగింది.

"పగులుతుందని నీకెప్పుడు తెలిసింది?"

నిన్న రాత్రే అనవచ్చు. కాదనేవాళ్లు లేరు. కృష్ణప్రియ నోటిదాకా వచ్చిందా మాట.

"శనివారం."

హన్నా తల తిప్పి చూసింది. "శనివారమా? ఆదివారం నీకు ఫోటో పంపాను కదే. గుండె బొమ్మ పెట్టావ్."

"పెట్టాను."

"నిన్న నా పక్కన కూర్చుని టీ తాగావ్."

"తాగాను. నీ మీద కుళ్లు హన్నా. నువ్వు చేసేది నేను చేయలేను. నాకసలు వాసనే రాదు. నాలుగేళ్లయింది. తొలకరి ఎట్లుంటదో నాకు తెలవదు. అందరూ బాగుందంటే బాగుందన్నా." ఆఫీసులో ఎప్పుడూ జాగ్రత్తగా మాట్లాడే మనిషికి ఇంటి భాష వచ్చేసింది. "ఆ వత్తి కూడా నేను వద్దని పక్కన పెట్టిందే. నీకు చెప్పకుండ ఇచ్చిన."

హన్నా ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. హన్నా రెండూ చేయలేదు. లేచి, చున్నీ సర్దుకుని, "నువ్వెళ్లు ప్రియా. నాన్నని నేను తీసుకెళ్తాను" అంది.

మర్నాడే హన్నా ఆర్డరు వదులుకుంది. పోసిన గ్లాసులన్నీ మళ్లీ కరిగించాలని, దీపావళికి ఇవ్వలేనని నరసింహమూర్తికి చెప్పింది. కారణం గ్లాసు మంచిది కాదని చెప్పింది తప్ప కృష్ణప్రియ పేరెత్తలేదు. టీములో తను పంచిన కొవ్వొత్తులన్నీ వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నం నరసింహమూర్తి కృష్ణప్రియ బల్ల దగ్గరికి వచ్చాడు, సరిగ్గా ఆమె ఊహించుకున్నట్టే. "మీరైతే అన్నీ టెస్ట్ చేస్తారు కదండీ. మీవే ఇచ్చెయ్యకూడదూ?"

ఎన్నాళ్లనుంచో వినాలనుకున్న మాట. తీరా విన్నాక ఆమెకు కట్టు కట్టిన చెయ్యి గుర్తొచ్చింది. అంతకన్నా ముందు, నిజం చెప్పాలంటే, రుక్కమ్మ సబ్బన్న సంగతి గుర్తొచ్చింది.

"వద్దండీ. నాది వాసన బాగుండదు. దీపావళికి వేరే ఏదైనా ఇవ్వండి. కొత్త సంవత్సరానికి హన్నావే తీసుకోండి. వత్తి, గ్లాసు సంగతి నేను చూస్తాను."

ఈ మాట తెలిసి హన్నా ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. దవాఖాన దగ్గర విడిపోయాక ఆమె మాట్లాడడం అదే మొదలు.

"నా తరఫున మాట్లాడమని నీకెవరు చెప్పారు? తగలబెట్టేదీ నువ్వే, ఆర్పేదీ నువ్వేనా?"

ఫోను పెట్టేశాక కృష్ణప్రియ రుక్కమ్మ పక్కన కూర్చుని జరిగిందంతా మొదటినుంచీ చెప్పింది. రుక్కమ్మ ఓదార్చలేదు.

"గా పెద్దమనిషిని చూసొచ్చినవా మల్ల?"

"నన్ను ఇంట్లకి రానిస్తదా అత్తమ్మా?"

"రానియ్యకుంటె తలుపుకాడికెళ్లి తిరిగొద్దం. నేనూ వస్త."

ఆదివారం అత్తాకోడళ్లిద్దరూ కూకట్‌పల్లి వెళ్లారు. తలుపు తీసింది హన్నాయే. కృష్ణప్రియను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. రుక్కమ్మ మాత్రం పక్కనుంచి లోపలికి నడిచి, జ్ఞానప్రకాశం ఎదురుగా కుర్చీలో కూర్చుని కాలిన చెయ్యి ఎట్లుందని అడిగింది. ఆయన ముప్పయ్యేళ్లు బడిపంతులుగా చేసినవాడు. మాట్లాడే మనిషి దొరికితే చాలు. కాసేపటికి ఇద్దరూ మోకాళ్ల నొప్పుల్లోకి దిగారు.

కృష్ణప్రియ సంచిలోంచి నోటుపుస్తకాలు తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. ఏడు. "అన్ని నంబర్లూ ఇందులో ఉన్నాయి. ఏది ఎందుకు వద్దో కూడా. నీ దగ్గరే ఉంచుకో" అంది.

హన్నా నిలబడే నాలుగు పేజీలు తిప్పింది. తరవాత కూర్చుంది. పావుగంట గడిచింది. తల ఎత్తకుండానే అడిగింది.

"వట్టివేరు నూనె చిక్కగా ఉంటుంది. దానికి ఎనిమిదా, పదా?"

"రెండూ పోసి చూడాలి. అడుగుదాకా."

"నాకంత ఓపిక లేదు."

"నాకుంది."

హన్నా పుస్తకం మూసింది. "ఒక సంగతి చెప్తున్నాను విను. నాన్న చెయ్యి చూసినప్పుడల్లా నాకు నీ మీద కోపం వస్తుంది. వస్తూనే ఉంటుంది. స్నేహం సంగతి నన్నడగొద్దు. పని చేస్తానంటే శనివారాలు రా."

కృష్ణప్రియ శనివారాలు వెళ్లింది. మందపాటి అడుగున్న గాజు గ్లాసులు తెప్పించారు. కొత్త వత్తులు నాలుగు రకాలు పోశారు. హన్నా వాసన చెప్పేది, ఆమె మంట చూసేది. మొదట్లో పనికి అవసరమైన మాటలే నడిచాయి. డిసెంబరు వచ్చేసరికి జ్ఞానప్రకాశం చేతి కట్టు విప్పేశారు, మచ్చ మిగిలింది. ఎనిమిదో నంబరు వత్తి చివరి చుక్కదాకా నిలకడగా కాలింది.

జనవరి మొదటి వారంలో నాలుగు వందల తొలకరి గ్లాసులు ఆఫీసులో పంచారు. చీటీ మీద హన్నా పేరొక్కటే ఉంది. కృష్ణప్రియ అడగలేదు, హన్నా వేయలేదు. లిఫ్టులో ఇద్దరు అమ్మాయిలు మూత తీసి "హన్నాగారి చెయ్యే చెయ్యి" అనుకుంటుంటే ఆమెలో మళ్లీ ఆ పాత కుళ్లే లేచింది. నాలుగో అంతస్తుదాకా దాన్ని భరించింది. లిఫ్టు దిగబోతూ వెనక్కి తిరిగి, "దాన్ని వెలిగించి వదిలేసి వెళ్లకండి. నాలుగు గంటలు కాగానే ఆర్పెయ్యండి" అని చెప్పి తన బల్ల వైపు నడిచింది.